అస్థికలు దొరకని చావు: ఖుక్రీ నుంచి ఖుక్రీ దాకా

విశాఖపట్నంలో డిసెంబరు అంటే 4వ తేదీ. నేవీ డే. ఏళ్ళ తరబడి ఆ రోజున ఆర్కే బీచ్ ఎదుట యుద్ధనౌకలు బారులు తీరేవి, హెలికాప్టర్లు తలల మీదుగా వెళ్ళేవి, పిల్లల్ని భుజాలకెత్తుకొని ఊరంతా ఇసుక మీదకు వచ్చేది. 1971లో కరాచీ రేవు మీద మన మిసైల్ బోట్లు దాడి చేసిన రాత్రికి గుర్తుగా ఎంచుకున్న రోజది. సరిగ్గా ఐదు రోజులకు 9వ తేదీ వస్తుంది. ఆ రోజున బీచ్‌లో ఎప్పటిలాగే మొక్కజొన్న పొత్తులు కాలుతుంటాయి. 194 ఇళ్ళలో మాత్రం అది సంవత్సరీకం తేదీ.

ఆ ఇళ్ళన్నిటినీ కలిపేది ఒక ఓడ పేరు. ఐఎన్ఎస్ ఖుక్రీ. స్వతంత్ర భారత నౌకాదళం యుద్ధంలో కోల్పోయిన యుద్ధనౌక అదొక్కటే. మరణించిన 18 మంది అధికారులు, 176 మంది నావికుల్లో చాలామంది ఆ ఓడతో పాటే అడుగుకు వెళ్ళిపోయారు. కాబట్టి ఆ కుటుంబాలకు మొదటి రోజు నుంచీ ఎదురైన ప్రశ్న చాలా మామూలుది, జవాబు లేనిది. దణ్ణం పెట్టుకోవాలంటే ఎటు తిరిగి పెట్టాలి?

ముందు ఆ రాత్రి సంగతి. ఖుక్రీ బ్రిటన్‌లో కట్టిన ఓడ, 1958లో మన దళంలో చేరింది. జలాంతర్గాముల్ని వేటాడటానికే రూపొందించిన ఫ్రిగేట్ తరహా చిన్న యుద్ధనౌక అది. కిర్పాణ్, కుఠార్ దాని జంట ఓడలు. యుద్ధం మొదలయ్యే వేళకు బొంబాయికి పడమర సముద్రంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఒకటి తిరుగుతోందని రేడియో సంకేతాల వల్ల తెలిసింది. దాని పేరు హంగోర్. ఫ్రెంచివాళ్ళు కట్టిన డాఫ్నే తరగతి జలాంతర్గామి, అప్పటికి కొత్తది. నీటి అడుగున చప్పుళ్ళను పసిగట్టే యంత్రం, సోనార్, మన ఫ్రిగేట్లలో పాతకాలపుది. హంగోర్‌కు ఖుక్రీ చప్పుడు వినబడేంత దూరం నుంచి ఖుక్రీకి హంగోర్ ఉనికి తెలియదు. వేటకు వెళ్ళినదానికంటే వేటకు గురి కావలసినదానికే చెవులు పదునుగా ఉన్నాయన్నమాట.

ఇక్కడే ఈనాటికీ తెగని ఒక తర్జనభర్జన ఉంది. ఖుక్రీలో వి.కె. జైన్ అనే యువ లెఫ్టినెంట్ సోనార్‌కు మరింత దూరం వినిపించేలా ఒక పరికరం తయారుచేశాడు. అది సరిగా పనిచేయాలంటే ఓడ నెమ్మదిగా నడవాలి. జలాంతర్గామి ఉన్న నీళ్ళలో నెమ్మదిగా నడిచే ఓడ తేలికైన గురి. పరికరం పనిచేసి ఉంటే జైన్ ఈరోజు నౌకాదళ పాఠ్యపుస్తకాల్లో ఉండేవాడు. అతనూ ఆ రాత్రి ఓడతోనే పోయాడు. తప్పు ఎవరిదని 50 ఏళ్ళ తర్వాత తీర్పు చెప్పడం ఒడ్డున కూర్చున్నవాళ్ళకు చాలా సులువు. ఓడను నడిపిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాకు కొత్త చెవుల అవసరం ఎంతో, ఆ వేగంలో ముప్పు ఎంతో రెండూ తెలుసు.

డిసెంబరు 9, రాత్రి 8.50 ప్రాంతం. గుజరాత్‌ను ఆనుకొని ఉన్న డయ్యూ తీరానికి సుమారు 40 నాటికల్ మైళ్ళ దూరం. పంచాంగం ప్రకారం మార్గశిర బహుళ అష్టమి, చంద్రుడు పొడవడానికి ఇంకా చాలా సమయం ఉంది, చిమ్మచీకటి. 8.45 రేడియో వార్తల వేళ అని బతికి బయటపడినవాళ్ళు చెప్పారు. హంగోర్ మొదటి టార్పెడోను, అంటే నీళ్ళలో దూసుకుపోయే బాంబును, కిర్పాణ్ మీద వదిలితే అది పేలలేదు. రెండోది ఖుక్రీకి అడుగున తగిలింది. ఓడ కొద్ది నిమిషాల్లోనే మునిగిపోయింది. అడుగు అంతస్తుల్లో ఉన్నవాళ్ళకు నిచ్చెన దగ్గరికి రావడానికి కూడా వ్యవధి లేదు. ముల్లా తన లైఫ్ జాకెట్ ఒక నావికుడికి ఇచ్చేసి, దూకమని అందర్నీ తరిమి, తాను మాత్రం ఓడను నడిపించే చోటు, బ్రిడ్జి, వదల్లేదు. నీళ్ళలోకి దూకినవాళ్ళు చివరిసారి ఆయన్ని అక్కడే చూశారు. ఆయనకు మహావీర చక్ర ప్రకటించారు.

కిర్పాణ్ అక్కడే ఆగి మనుషుల్ని ఎత్తుకుంటూ ఉంటే అదీ మునిగేది. అది తప్పుకుంది. తెల్లవారాక వచ్చిన కచ్చల్ అనే ఓడ తెప్పల మీద ఉన్న 67 మందిని ఎక్కించుకుంది. ఆ మధ్యలోని గంటలు, చన్నీళ్ళలో ఆ రాత్రి, ఎందరిని మింగాయన్నది ప్రాణాలతో తిరిగి వచ్చినవాళ్ళ మనసుల్లో మెదిలే లెక్క.

ఒడ్డున జరిగే కథ ఇక్కడ మొదలవుతుంది.

ఆ రోజుల్లో సైన్యం నుంచి ఇంటికి చావు కబురు టెలిగ్రాంలో వచ్చేది. భూమి మీద యుద్ధంలో పోయినవాడి ఇంటికి కనీసం సామాను పెట్టె వస్తుంది, ఫలానా చోట దహనం చేశామన్న మాట వస్తుంది, ఒక్కోసారి అస్థికలు కూడా వస్తాయి. ఓడలో పోయినవాడి పెట్టె కూడా ఓడలోనే ఉంటుంది. ఇంటికి వచ్చేది ఒక్క వాక్యం: ఆచూకీ లేదు, మరణించినట్టు భావిస్తున్నాం. ఆ ‘భావిస్తున్నాం’ అన్న మాటలో ఎంత సందు ఉందో! 67 మంది తిరిగి వచ్చినప్పుడు 68వ వాడు ఎందుకు రాకూడదు? ఏ చేపల పడవవాళ్ళో ఎత్తుకొని ఉండొచ్చు, అవతలివాళ్ళు పట్టుకొని జైల్లో పెట్టి ఉండొచ్చు. ఇది వట్టి భ్రమ అని కొట్టిపారేయడానికి కూడా లేదు. 1971 యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన 54 మంది సైనికుల జాబితాను 1979లో ప్రభుత్వమే లోక్‌సభ ముందు పెట్టింది. వాళ్ళ బంధువులు 14 మంది 2007లో పాకిస్తాన్ జైళ్ళకు వెళ్ళి రికార్డులు వెదుక్కొని, ఉత్త చేతులతో తిరిగి వచ్చారు. 36 ఏళ్ళ తర్వాత కూడా జైలు గుమ్మం దాకా నడిపించగలిగింది ఆ సందే.

శవం లేని చావును ఏం చేయాలన్నది మన ధర్మశాస్త్రాలకు పాత సమస్యే. దూర ప్రయాణాల్లో, నదుల్లో, అడవుల్లో మనుషులు మాయమయ్యే కాలం నాటి నిబంధనలు అవి. ఆచూకీ తెలియనివాడి కోసం 12 ఏళ్ళు చూడమన్నారు. పోయాడని నిశ్చయమైతే దర్భలతో, 360 మోదుగ కాడలతో మనిషి ఆకారం కట్టి దహనం చేయమన్నారు. పర్ణశర దహనమంటారు దీన్ని. తలకు ఇన్ని, చేతులకు ఇన్ని, పొట్టకు ఇన్ని అని కాడలు లెక్కపెట్టి పేర్చే ఆ పద్ధతి చూస్తే, కర్మ సంగతి అలా ఉంచి, ఇంటివాళ్ళ చేతులకు పని కల్పించడమే దాని అసలు ఉద్దేశమేమో అనిపిస్తుంది నాకు. కట్టుకోవడానికి, తలకొరివి పెట్టడానికి ఏదో ఒకటి కళ్ళెదుట ఉండాలి. మహాలయ పక్షంలో చతుర్దశిని ఆయుధం వల్ల పోయినవాళ్ళకే విడిగా కేటాయించడం కూడా ఇలాంటి ఏర్పాటే.

చట్టం వేరే గడువు పెట్టింది. ఏడేళ్ళ పాటు ఎవరికీ కబురు అందని మనిషిని చనిపోయినట్టు భావించవచ్చని బ్రిటిష్ కాలం నాటి సాక్ష్య చట్టం చెప్పింది. 2023 నాటి కొత్త చట్టంలోనూ ఆ ఏడేళ్ళు అలాగే ఉన్నాయి. ఇది సైనికుల ఇళ్ళ గొడవే అనుకోనక్కర్లేదు. శ్రీకాకుళం నుంచి కాకినాడ దాకా వేటకు వెళ్ళిన మరబోటు తిరిగి రాని ఊరు ఏదైనా సరే, ఈ ఏడేళ్ళ మాట అక్కడి మత్స్యకారుల ఇళ్ళలో తెలుసు. మనిషి దొరక్కపోతే మరణ పత్రం రాదు, పత్రం లేకపోతే పరిహారం కదలదు. యుద్ధంలో పోయిన నావికుడి భార్యకు ఈ ఒక్క చిక్కు తక్కువ. దళమే మరణాన్ని నిర్ధారిస్తుంది, పింఛను ఇస్తుంది. బొట్టు తీయాలా ఉంచాలా అన్నది మాత్రం ఏ దళమూ నిర్ధారించలేదు.

సముద్రంలో పోయినవాళ్ళను రాతి మీద తలుచుకునే పద్ధతి నిజానికి అంత పాతదేం కాదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మామూలు నావికుడు నీళ్ళలో పోతే అతని పేరు ఓడ రిజిస్టరులో ఒక గీత. ఆ యుద్ధం తర్వాతే బ్రిటన్‌లో ఒక సూత్రం స్థిరపడింది: సమాధి లేనివాడి పేరు ఎక్కడో ఒక చోట చెక్కి తీరాలి, అధికారి పేరూ కళాసీ పేరూ ఒకే వరసలో ఉండాలి. పోర్ట్స్‌మత్, ప్లిమత్, చాటమ్ రేవుల్లో ఒకే నమూనాలో మూడు ఎత్తయిన రాతి స్తంభాలు లేచాయి. ఆ స్తంభాల్లో నాకు నచ్చింది ఒకటుంది. అవి ఓడలకు దారి చూపే గుర్తులుగా కూడా పనికొచ్చేలా కట్టారు. రేవులోకి వచ్చే ప్రతి ఓడా, తెలిసో తెలియకో, పోయినవాళ్ళను చూసుకొనే తోవ సరిచేసుకుంటుంది.

మన కళాసీల సంగతి వేరు. బ్రిటిష్ వర్తక ఓడల బాయిలర్ల దగ్గర బొగ్గు వేసింది, డెక్కులు కడిగింది ఎక్కువగా తూర్పు బెంగాల్, అస్సాం, పడమటి తీరాల మనుషులు. మొదటి యుద్ధంలో పోయిన 896 మంది కళాసీల కోసం 1924లో కలకత్తాలో హుగ్లీ ఒడ్డున ఒక కట్టడం వెలిసింది. రెండో యుద్ధంలో లెక్క ఇంకా పెద్దది. అప్పటి భారత వర్తక నౌకల మనుషులే దాదాపు 6 వేల మంది సముద్రం పాలయ్యారు. వాళ్ళ పేర్లు గోడ మీద కాదు, పుస్తకంలో ఉన్నాయి. బొంబాయి నావికుల వసతి గృహంలో ఒక ప్రతి, చిట్టగాంగులో ఒక ప్రతి. పుస్తకంలోని పేరును చూడాలంటే ఎవరో ఒకరు పుట తిప్పాలి. గోడ మీది పేరుకు ఆ అవసరం లేదు, దారిన పోయేవాడు కూడా చదువుతాడు. తేడా చిన్నదే, కానీ ఆ 6 వేల మందిని మనం ఇంతగా మరిచిపోవడంలో ఆ తేడాకూ పాత్ర ఉందని నా అనుమానం.

అప్పటి రాయల్ ఇండియన్ నేవీలో రెండు యుద్ధనౌకలకు మన తెలుగు నదుల పేర్లుండేవి, గోదావరి, కిస్త్నా అని. దేశ విభజనప్పుడు కిస్త్నా మనకు వచ్చింది, గోదావరి పాకిస్తాన్ వాటాకు పోయి సింద్ అయింది. ఒకే దళంలో ఒకే కంచంలో తిన్న నావికులు అలా రెండుగా విడిపోయి, 24 ఏళ్ళకు ఒకరి ఓడల్ని ఒకరు ముంచుకున్నారు.

అందుకే ఖుక్రీ గురించి రాస్తూ విశాఖ వాకిట్లో పడి ఉన్న ఘాజీని దాటేయలేను. ఖుక్రీ మునగడానికి దాదాపు ఆరు రోజుల ముందు, డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక, విశాఖ రేవు బయట ఒక పెద్ద పేలుడు వినిపించింది. కిటికీ అద్దాలు అదిరాయని అప్పటి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. విక్రాంత్ విమానవాహక నౌకను వెదుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అక్కడ మునిగింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు ఉంది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన బాంబుల వల్లే మునిగిందని మనవాళ్ళు, లోపలి పేలుడు వల్లనో తన మందుపాతర తనకే తగలడం వల్లనో అని వాళ్ళు. అందులోని 93 మందిలో ఒక్కరూ బతకలేదు. విశాఖ ఒడ్డున 1996లో కట్టిన ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం ఆ యుద్ధం గెలుపుకు గుర్తు. ఆ స్తూపం ముందు నిలబడి సముద్రం వైపు చూస్తే, చూపు వెళ్ళే దిక్కులోనే ఆ 93 మంది ఉన్నారు. కరాచీలోనో పెషావర్‌లోనో వాళ్ళ ఇళ్ళకు కూడా అదే వాక్యం వెళ్ళి ఉంటుంది: ఆచూకీ లేదు, మరణించినట్టు భావిస్తున్నాం.

లోతు నీళ్ళలో చిక్కుకున్న జలాంతర్గాముల నుంచి మనుషుల్ని కాపాడటానికి మన దళం కొనుక్కున్న వాహనం ఘాజీ శిథిలాన్ని గుర్తించినట్టు 2024లో వార్త వచ్చింది. దాన్ని ముట్టుకోకుండా వదిలేశారు. మునిగిన యుద్ధనౌక అంటే అందులోని మనుషులకు సమాధి, తవ్వకూడదు అన్నది నావికుల మధ్య రాయని నియమం. బ్రిటన్ 1986లో దాన్ని చట్టంగానే రాసుకుంది. విశాఖకు దగ్గరలో మరొక శిథిలం కూడా ఉంది, 1944 ఫిబ్రవరిలో మునిగిన జపాన్ జలాంతర్గామి ఆర్‌ఓ-110. దాన్ని ముంచిన ఓడల్లో జమున అనే రాయల్ ఇండియన్ నేవీ ఓడ ఒకటి. రెండు దేశాల భాషల్లో ఏడుపులు ఈ తీరం వైపు తిరిగి ఉన్నాయంటే, బీచ్ రోడ్డు మీద సాయంత్రం షికారుకు వెళ్ళేవాళ్ళం ఏనాడైనా అనుకుంటామా?

ఖుక్రీ కుటుంబాలకు సమాధి లాంటిది దొరకడానికి 28 ఏళ్ళు పట్టింది. ఓడ మునిగిన చోటికి అతి దగ్గరి నేల డయ్యూ. 1999 డిసెంబరులో అక్కడ, సముద్రానికి ఎదురుగా చిన్న గుట్ట మీద స్మారకం ప్రారంభమైంది. అద్దాల పెట్టెలో ఖుక్రీ నమూనా ఉంటుంది. డయ్యూకు వెళ్ళే గుజరాత్ పర్యాటకుల్లో చాలామందికి అది సూర్యాస్తమయం చూసే చోటు. అది తప్పేం కాదు. దణ్ణం పెట్టుకోవడానికి దిక్కు వెదుక్కున్నవాళ్ళకు మాత్రం అక్కడి మెట్ల మీద నిలబడితే ఎటు తిరగాలో తెలుస్తుంది, నైరుతికి. 2000లో ముల్లా బొమ్మతో తపాలా బిళ్ళ వచ్చింది.

తపాలా బిళ్ళ దగ్గర ఒక మాట. ఖుక్రీ అనగానే ముల్లా గుర్తొస్తాడు, రావాల్సిందే. అయితే ఓడతో పాటు పోవడం ఆయన ఎంచుకున్నది. బాయిలర్ గదిలో ఉన్న స్టోకరు, వంటగదిలో రాత్రి భోజనం గిన్నెలు కడుగుతున్న కుర్రాడు ఏదీ ఎంచుకోలేదు, వాళ్ళకు ఆ వ్యవధి లేదు. కెప్టెన్ కథ చెప్పడం తేలిక, దానికి ఒక ముఖమూ ఒక కుర్చీ ఉన్నాయి. మిగతా 193 మంది ముల్లా కథలో ఒక అంకెగా మిగిలారు. ఢిల్లీలో 2019 ఫిబ్రవరిలో తెరిచిన జాతీయ యుద్ధ స్మారకంలో ఈ వరస కాస్త మారింది. 1947 తర్వాత పోయిన 25 వేల మందికి పైగా సైనికుల పేర్లు అక్కడ రాతి పలకల మీద ఉన్నాయి, ఒక్కో మనిషికి ఒక్కో పలక, ఒకే కొలత. నాన్న పేరు మీద వేలు పెట్టి తడుముకునే వీలు చాలా కుటుంబాలకు అప్పుడు వచ్చింది. 47 ఏళ్ళకు.

నౌకాదళానికి తనదంటూ ఇంకో పద్ధతి ఉంది. మనం తాత పేరు మనవడికి పెట్టుకున్నట్టే, పోయిన ఓడ పేరు కొత్త ఓడకు పెట్టుకుంటుంది. శిథిలాన్ని పైకి తేలేరు, పేరును తేవచ్చు. పాకిస్తాన్ ఆ పని త్వరగా చేసింది. పోర్చుగల్ నుంచి కొన్న జలాంతర్గామికి 1975లోనే ఘాజీ అని పెట్టింది. మనం 1989 దాకా ఆగాం. ఆ ఏడాది ఆగస్టు 23న బొంబాయిలో కొత్త ఖుక్రీ దళంలో చేరింది. మజగావ్ డాక్‌లో కట్టిన మిసైల్ కార్వెట్ అది, ఫ్రిగేట్ కంటే చిన్న తరహా యుద్ధనౌక. అప్పటి రక్షణ మంత్రి కె.సి. పంత్‌తో కలిసి ఆ ఓడను జలప్రవేశానికి కాదు, సేవకు అప్పగించినవారు ముల్లా భార్య సుధా ముల్లా. భర్తను తీసుకుపోయిన పేరును మళ్ళీ ఒక ఓడకు ఇచ్చి సముద్రం మీదకు పంపడం ఎలా ఉంటుందో ఆ రోజు ఆమె పక్కన నిలబడినవాళ్ళు కూడా ఊహించలేరు. పేరు పెట్టుకున్న మనవడిని ఊరికే తిట్టలేని నాయనమ్మలు మన ఇళ్ళలో ఉంటారు, వాడి పేరు పెట్టి పిలవాలంటే గొంతు ఆగుతుంది వాళ్ళకు. ఆమె ఆ ఓడను పేరుతోనే పిలవాల్సి వచ్చింది.

పేరు పెట్టాక, పేరుతో పాటు వచ్చే భయం నావికులకు లేదా అంటే ఉంటుంది. ఓడల మనుషులకు నమ్మకాలు ఎక్కువ. ఈ ఖుక్రీ మాత్రం 32 ఏళ్ళు నడిచింది. 28 మంది కమాండింగ్ ఆఫీసర్లు మారారు, 6,44,897 నాటికల్ మైళ్ళు తిరిగింది. పడమటి దళంలోనూ తూర్పు దళంలోనూ పనిచేసి 2021 డిసెంబరు 23న విశాఖపట్నంలో రిటైరైంది. మొదటి ఖుక్రీ పోయి అప్పటికి 50 ఏళ్ళ 14 రోజులు.

రిటైరైన ఓడల్ని మామూలుగా తుక్కుకు అమ్మేస్తారు. దీన్ని డయ్యూ అధికారులకు మ్యూజియం కోసం ఇవ్వాలని నిర్ణయించారు. ఖుక్రీని ముంచిన హంగోర్ కూడా ఇప్పుడు కరాచీలో మ్యూజియమే. అక్కడ డిసెంబరు 9ని హంగోర్ దినంగా జరుపుకుంటారు. ఒకే రాత్రి ఒక ఊరికి పండుగ, ఇంకో ఊరికి తద్దినం.

2022 జనవరి 14న, సంక్రాంతి రోజుల్లో, ఖుక్రీ విశాఖ రేవు విడిచి ఆఖరి ప్రయాణం మొదలుపెట్టింది. రేవు దాటగానే ఘాజీ పడి ఉన్న నీళ్ళు వస్తాయి. తర్వాత తూర్పు తీరం, దక్షిణాన మలుపు, పడమటి తీరం వెంట పైకి. జనవరి 26న దాన్ని డయ్యూకు అప్పగించారు. మొదటి ఖుక్రీ అక్కడికి 40 మైళ్ళ దూరంలో ఉంది.